నూరు గళ్ల పలక

మన భాషలో ‘లెక్క’ అనే మాటకు ఉన్న పలుకుబడి చాల గొప్పది. పెద్దలను గౌరవించని వానిని ‘ఎవరినీ లెక్కచేయడు’ అంటాము. పనికిరాని సంగతిని ‘లెక్కలోనికి రాదు’ అని త్రోసిపుచ్చుతాము. తప్పుచేసిన వానిని ‘లెక్క చెప్పు’ అని నిలదీస్తాము. ఇంతగా నిత్యజీవితంలో పెనవేసుకొన్న ఈ మాట, బడి గడప దాటి లోపల అడుగుపెట్టగానే పసివాని గుండెలో రాయిపడినట్లు ఎందుకు భయం పుట్టిస్తుందో ఆలోచింపదగిన విషయము.

నేను తెలుగు చెప్పుకొని బ్రతికే వాడను. నిజం చెప్పవలెనంటే, తెలుగు సాహిత్యం మీది మక్కువ ఎంతో, లెక్కల మీది జడుపు కూడ అంతే నన్ను ఈ వృత్తిలోనికి నెట్టినది. ఏబది ఏండ్లు దాటిన తరువాత, ఒక ప్రాథమిక పాఠశాల వసారాలో, నాలుగవ తరగతి పిల్లల నడుమ చతికిలబడి, నేను మరల లెక్కలు నేర్చుకోవలసి వచ్చినది. ఆ ముచ్చటనే ఇక్కడ మనవి చేస్తున్నాను.

మాది బొగ్గుగనుల ప్రాంతము. గోదావరి ఒడ్డున ఖని గనుక గోదావరిఖని. తెలుగు నేలపై ఊళ్లకు ఇంత సూటియైన పేర్లు తరచుగా కనిపించవు. 1889లో ఇల్లెందు వైపున బొగ్గు త్రవ్వకం మొదలైన తరువాత, ఆ సమీపాన ఉన్న సింగరేణి గ్రామం పేరే సంస్థకు నిలిచినది. ఆ సింగరేణి గనులు గోదావరి వెంబడి విస్తరించుకొంటూ రామగుండం చేరినవి. ఇక్కడి బ్రతుకంతా అంకెల మీదనే నడుస్తుంది. ఏ షిఫ్టు, ఎన్ని మస్టర్లు పడినవి, ప్లేడే దొరికినదా లేదా, ఏ నంబరు గని, ఏ నంబరు క్వార్టరు: ఇంటి పలుకులలో సగం అంకెలే. అటువంటి ఇండ్ల నుండి వచ్చిన పిల్లలు బడిలో అంకెలకు భయపడడం నాకెప్పుడూ వింతగా తోచేది.

నా వద్ద చదువుకొన్న ఒక అమ్మాయి ఈ ప్రాంతపు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయినిగా ఉన్నది. ఒకనాడు మా ఇంటికి వచ్చి, “సార్, మా పిల్లలు లెక్కలల్ల పాటలు కడుతున్నరు. మీరొక్కసారి వచ్చి చూడాలె” అన్నది. తెలుగు మాష్టారుకు లెక్కల బడిలో ఏమి పని అని నవ్వినాను. ఆమె విడువలేదు. ఆ శనివారం మధ్యాహ్నం వెళ్ళినాను.

బడి వసారాలో సిమెంటు నేలపై పెద్ద గళ్ల పలక గీసి ఉన్నది. అడ్డముగా పది, నిలువుగా పది, మొత్తము నూరు గళ్లు. ఒకటి మొదలు నూరు దాక అంకెలు వరుసగా వేసినారు. మా పిల్లలు గళ్లనరు, ‘డబ్బాలు’ అంటారు. టీచరు పెద్దగా ఏమీ చెప్పలేదు. తొమ్మిదవ ఎక్కంలో వచ్చే అంకెలున్న ప్రతి డబ్బాలోను ఒక చింతగింజ పెట్టండి అని మాత్రము అన్నది. పిల్లలు తొమ్మిది, పద్దెనిమిది, ఇరువది ఏడు అని గింజలు పెట్టుకొంటూ పోయినారు. నాలుగు గింజలు పడినవో లేదో, ఒక చిన్నది చప్పట్లు కొట్టి, “టీచర్, తొమ్మిదో ఎక్కం మెట్లు దిగుకుంట పోతాంది!” అన్నది.

నిజమే. గింజలు కుడిపైమూల నుండి ఎడమ వైపునకు ఐమూలగా దిగుతున్నవి. 81 వద్ద ఎడమ గోడకు తగిలినవి. ఆ అడ్డ వరుసలోనే కుడి కొసన 90 వద్ద మరల లేచి, 99కి దిగినవి. పిమ్మట పదకొండవ ఎక్కానికి గులకరాళ్లు పెట్టించినది. అవి 11 నుండి 22, 33 అని ఎదురు దిక్కుగా, ఎడమ నుండి కుడికి దిగినవి. గింజలు, రాళ్లు రెండును 99 గడిలో కలిసికొన్నవి. పిల్లలకు అది ఒక పెండ్లి చూచినంత సంబరము.

అంతటితో ఆగిపోతే అది గారడీ మాత్రమే. ఆ అమ్మాయి ఆగలేదు. “ఎందుకు దిగుతాంది?” అని అడిగినది. చాలసేపు ఎవరూ పలుకలేదు. నేనును ఆలోచిస్తూ కూర్చున్నాను. నాకును వెంటనే స్ఫురింపలేదని ఒప్పుకొంటాను. చివరకు వెనుక కూర్చున్న పిల్లవాడొకడు నేల మీద వ్రేలు పెట్టి చూపినాడు: “ఒక డబ్బ కిందికి దిగితే పది పెరుగుతది. ఒక డబ్బ ఎడమకు జరిగితే ఒకటి తగ్గుతది. పదిల ఒకటి పోతే తొమ్మిది.” కుడికి జరిగితే ఒకటి పెరుగుతుంది గనుక పదకొండు. ఇంతే రహస్యము. కాని ఆ రహస్యాన్ని ఎవరును ఆ బాలునికి చెప్పలేదు. తానే చూచినాడు, తానే చెప్పినాడు. ఇక దానిని ఎవరును అతని వద్దనుండి లాగుకొనలేరు.

ఆ పిల్లవానిని గురించి టీచరు మెల్లగా నా చెవిలో వేసిన మాట విని నేను మరింత ఆశ్చర్యపడినాను. వాడు ఎక్కాలు అప్పజెప్పలేడు. ఏడవ ఎక్కం నడుమ ఆగి నేలచూపులు చూస్తాడు. వాడు మొద్దని తోటిపిల్లలే కాదు, వాడును నమ్మినాడు.

అటుపిమ్మట ఆట అనేక విధాల సాగినది. పలకలో ఎక్కడనైనా నాలుగు గళ్ల చదరమును ఎంచుకొనుమన్నారు. 23, 24 వాటి క్రింద 33, 34 అనుకొందము. ఐమూలగా ఉన్న 23, 34 కూడితే 57. తక్కిన 24, 33 కూడినను 57. ఎక్కడ చదరము గీసినను మూలమూల కూడికలు సమానమే. అయిదవ తరగతి పిల్లలు ఇంకొక అడుగు వేసినారు. కూడుటకు బదులు గుణించినారు. 23ను 34 చేత గుణిస్తే 782. 24ను 33 చేత గుణిస్తే 792. తేడా పది. వేరే చోట గీసినారు; మరల పదే. ఎక్కడ గీసినా పదే.

గోడమీది క్యాలెండరు తెచ్చి అదే పని చేయించినారు. 8, 9 వాటి క్రింద 15, 16. ఎనిమిది పదహారులు 128. తొమ్మిది పదిహేనులు 135. తేడా ఏడు. ఎందుకు ఏడు? వారానికి ఏడు దినములు గనుక, అడ్డ వరుసలో ఏడు గళ్లే ఉన్నవి గనుక. పలకకు ఎన్ని నిలువు వరుసలుంటే తేడా అంత. అదే క్యాలెండరులో తొమ్మిది తేదీల చదరము గీసి, నడిమి తేదీ చెబితే చాలు, టీచరు మొత్తము చెప్పివేసినది. నడిమి అంకె 16 అయితే మొత్తము 144. నడిమిదానిని తొమ్మిదింతలు చేస్తే సరి. పైన తగ్గినంత క్రింద పెరుగుతుంది, ఎడమ తగ్గినంత కుడి పెరుగుతుంది. చివరకు తొమ్మిది గళ్లును నడిమి అంకెతోనే నిండినట్లు లెక్క. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రాన్ని అనుసరించి వెలువడిన అయిదవ తరగతి ‘మ్యాథ్ మ్యాజిక్’ పుస్తకంలో ఈ క్యాలెండరు ఆట ఉన్నదని ఆమె చెప్పినది.

మరి ఒకటి మొదలు తొమ్మిది దాక అంకెలను మూడు వరుసల చదరంలో, ఎటు కూడినా సమానముగా వచ్చునట్లు నింపుమన్నప్పుడు పిల్లలు చెమటలు క్రక్కినారు. మొత్తమును ముందుగా కనిపెట్టిన వారికి మార్గము సుగమమైనది: తొమ్మిది అంకెలు కూడితే 45, మూడు వరుసలకు పంచితే వరుసకు 15. ఇట్టి మాయాచదరములు మన దేశమునకు క్రొత్తవి కావు. ఖజురాహోలోని పార్శ్వనాథ జైనాలయమున ఒకటి మొదలు పదహారు దాక అంకెలతో చెక్కిన చదరమున్నది. ఎటు కూడినా 34. నారాయణ పండితుడు 1356లో రచించిన ‘గణిత కౌముది’లో వీటికి ఒక ప్రకరణమే కేటాయించినాడు. శ్రీనివాస రామానుజన్ నోటు పుస్తకములు మాయాచదరములతోనే ఆరంభమైనవి. మహావృక్షమునకైనను మొలక ఇటువంటి గళ్లలోనే లేచినదని తెలిసినప్పుడు, వసారా నేల మీది సుద్దగీతలు నా కంటికి మరొక తీరుగా కనిపించినవి.

ఇంతలో ఎక్కాలు రాని మన బాలుడు ఒక మూలను కూర్చుండి చింతగింజలతో చదరములు పేరుస్తున్నాడు. మొదట ఒక గింజ. దాని ప్రక్కన, క్రింద, మూలన కలిపి మూడు పెట్టినాడు. నాలుగు గింజల చదరమైనది. దానికి రెండు వైపుల గోడ కట్టినట్లు అయిదు పెట్టినాడు; తొమ్మిదైనది. ఏడు పెట్టినాడు, పదహారైనది. ఒకటి, మూడు, అయిదు, ఏడు అని బేసి సంఖ్యలను వరుసగా కూడుకొంటూ పోతే ఎక్కడ ఆగినను చదరమే వస్తున్నది. టీచరు అడిగినది: “తొమ్మిది వరుసల చదరాన్ని పది వరుసలది చేయాలంటే ఎన్ని గింజలు కావాలె?” గింజలు అన్ని లేవు. వాడు కన్నులు మూసికొని చెప్పినాడు: “ఇటు తొమ్మిది, అటు తొమ్మిది, మూలకొకటి. పంతొమ్మిది.” వాడు చెప్పినది జవాబు మాత్రము కాదు, నిరూపణము. ఏ సంఖ్యకైనను అదే మాట చెల్లుతుంది.

నాలుగు గంటలు కావస్తున్నది. మొదటి షిఫ్టు దిగి, స్నానము చేసి, కుమారుని తీసికొని పోవుటకు వాని తండ్రి వచ్చినాడు. గనిలో పనిచేసే మనిషి. నేల మీది గళ్లను చూచి చెప్పులు విడిచి నిలబడి, “ఇది మా బాయి ప్లాన్ లెక్కనే ఉన్నది సార్” అన్నాడు.

నేను ఉలిక్కిపడినాను. మా తెలంగాణంలో ‘లెక్క’ అంటే ‘వలె’ అని కూడ అర్థము. ‘పులి లెక్క దుంకిండు’, ‘మా నాయిన లెక్కనే ఉన్నడు’ అంటాము. పుట్టినది మొదలు ఈ మాట వింటున్నాను, ఆడుతున్నాను. లెక్కకును పోలికకును ఒకే మాట ఉన్నదని ఏనాడును తలపునకు రాలేదు. ఆ మధ్యాహ్నమంతయు పిల్లలు చేసిన పని ఏమి? ఒకదాని లెక్క మరొకటి ఉన్నదని పోల్చుకొనుటయే గదా!

ఆయన చెప్పినదానిలో అతిశయోక్తి లేదు. భూగర్భ గనిలో బొగ్గును ఒక్కుమ్మడిగా త్రవ్వి తీయరు. బొగ్గు పొర వాలు వెంట దిగే దారులను కొన్ని తొలుస్తారు, అవి ‘డిప్పు’లు. ఆ వాలుకు అడ్డముగా మరికొన్ని తొలుస్తారు, అవి ‘లెవల్’లు. ఈ రెండు తీరుల దారుల నడుమ పైకప్పును మోయుటకు విడిచిన బొగ్గు దిమ్మెలే ‘పిల్లర్లు’. గని ఎంత లోతున ఉన్నది, దారి ఎంత వెడల్పున్నది అనేదానిని బట్టి దిమ్మె ఎంత పెద్దదిగా ఉండవలెనో నిబంధనలు నిర్ణయిస్తవి. ఆ తరువాత ఆ దిమ్మెలను కూడ ఒక క్రమములో తీసికొంటూ వెనుకకు వస్తారు. ప్రతి డిప్పుకు, ప్రతి లెవలుకు నంబరున్నది. ఇన్నవ డిప్పు, ఇన్నవ లెవలు అంటే చీకటిలో ఒకే ఒక కూడలి. “ఆ రెండు నంబర్లు తెలిస్తే మనిషి యాడున్నడో తెలిసినట్టే సార్” అన్నాడు ఆయన. గనిలో ఆ లెక్క ప్రాణముతో సమానమైనది. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొని వచ్చి 17 మంది కార్మికులు అసువులు బాసిన దుర్దినమును ఈ ఊరు మరువలేదు. అట్టి సమయమున ఎవరు ఎక్కడ ఉన్నారనే ప్రశ్నకు జవాబు రెండు అంకెలే.

టీచరు సమయస్ఫూర్తి గల మనిషి. “పది డిప్పులు, పది లెవళ్లు ఉంటే కూడళ్లు ఎన్ని?” అని పిల్లలనడిగినది. నూరు అన్నారు అందరు. “మరి వాటి నడుమ పిల్లర్లు ఎన్ని?” అందరును మరల నూరే అన్నారు. తండ్రి నవ్వుతూ తల అడ్డముగా ఊపినాడు. కొడుకు నేలవైపు చూచినాడు. ఈ సారి అవి వెనుకటి నేలచూపులు కావు. “రెండు దారుల నడుమ ఒక్కటే పిల్లర్. పది దారుల నడుమ తొమ్మిదే. తొమ్మిది తొమ్ముదులు ఎనభై ఒకటి” అన్నాడు. ఒక్క నిమిషము ఆగి, “నూటికి ఎనభై ఒకటికి తేడా పంతొమ్మిది. ఇందాకటి పంతొమ్మిదే!” అని గింజలవైపు చూపినాడు. తండ్రి కొడుకును చూచిన చూపును వర్ణించుటకు నా వద్ద ప్రబంధభాష చాలదు. ఆయన అన్నది ఒక్కటే మాట: “వీనికి లెక్కలు రావంటరు గద సార్?”

ఆ ప్రశ్న ఆనాటి నుండి నన్ను విడువలేదు. మన బడులలో లెక్కలు వచ్చుట అంటే వేగముగా అప్పజెప్పుట అనే అర్థమే స్థిరపడినది. ఎక్కాలు వద్దని నేననను. నోటికి వచ్చిన ఎక్కము చేతిలో ఉన్న పనిముట్టు వంటిది. అది లేనివాడు ప్రతిసారి వ్రేళ్లు లెక్కించుకొంటూ కాలము పుచ్చవలసి వస్తుంది. నా విద్యార్థిని కూడ ఎక్కాలు మానిపించలేదు. అయితే పనిముట్లు ఇచ్చి, పని మాత్రము ఎన్నడును ఇవ్వకపోతే ఎట్లు? తెలంగాణ ప్రభుత్వం 2022లో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదువుట, వ్రాయుట, చతుర్విధ ప్రక్రియలు పట్టుబడవలెనని ‘తొలిమెట్టు’ అనే కార్యక్రమాన్ని ఆరంభించినది. మెట్టు అవసరమే. కాని మెట్టెక్కిన పిల్లవానికి పైన చూచుటకు ఏదో ఒకటి ఉన్నదని కూడ ఎవరైన చెప్పవలెను గదా!

పోలిక చూచుటలో ఒక ప్రమాదము కూడ ఉన్నది. దానిని ఆ పిల్లలే నాకు నేర్పినారు. మరొక శనివారము నూరు గళ్ల పలక మీద జల్లెడ పట్టినారు. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దిలో అలెగ్జాండ్రియా గ్రంథాలయాధిపతిగా ఉండిన ఎరటోస్తనీసు పేరుతో ప్రసిద్ధమైన ఉపాయము ఇది. రెండును ఉంచి దాని గుణిజములను కొట్టివేయవలెను. పిమ్మట మూడు, అయిదు, ఏడు. నూరులోపల 25 ప్రధాన సంఖ్యలు మిగులుతవి. ఎవరి ఎక్కములోను పడవు గనుక పిల్లలు వీటికి ‘ఒంటరులు’ అని పేరు పెట్టినారు. పది వరుసల పలకలో ఒంటరులు చెల్లాచెదరుగా కనిపించినవి. టీచరు అవే అంకెలను ఆరు నిలువు వరుసలలో వ్రాయించినది. వింత! రెండు, మూడు తప్ప తక్కిన ఒంటరులన్నియు మొదటి నిలువు వరుసలోను, అయిదవ నిలువు వరుసలోను నిలబడినవి. అంకెలు మారలేదు, పలక వెడల్పు మాత్రమే మారినది.

మొదటనాడు చప్పట్లు కొట్టిన చిన్నది వెంటనే ప్రకటించినది: “ఆరో ఎక్కానికి అటొకటి ఇటొకటి, అన్నీ ఒంటరులే!” అయిదు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు, పంతొమ్మిది, ఇరువది మూడు. ఏడు సార్లు నిజమైనది. ఎనిమిదవది 25. అయిదైదులు. ఆ పాప మొగము వాడిపోయినది. టీచరు ఆమెను దగ్గరకు తీసి, “సగం నిజం దొరికింది బిడ్డా. ఒంటరులన్నీ ఆ రెండు వీధులల్లనే ఉంటయి. కాని ఆ వీధులల్ల ఉన్నోళ్లందరు ఒంటరులు కారు” అన్నది. తక్కిన వరుసలలో రెండు గుణిజములో మూడు గుణిజములో ఉండక తప్పదు గనుక మొదటి మాట ఎన్నటికిని నిజము. రెండవ మాట 25 వద్ద కూలినది. ఏడు సార్లు నిజమైనది ఎనిమిదవసారి అబద్ధము కావచ్చునని తొమ్మిదేండ్లకే తెలిసికొన్న మనిషి పెద్దయిన తరువాత అంత సులువుగా మోసపోదు. పదిమంది చెప్పినంత మాత్రాన నమ్మదు. ‘ఎందుకు’ అని అడుగుతుంది. లెక్కల చదువు వలన మరే లాభము లేకున్నను ఈ ఒక్కటి చాలదా?

ఇండ్లలో ఉన్న గళ్ల విద్యను కూడ ఆమె బడికి రప్పించినది. అష్టాచెమ్మ పీటలు వచ్చినవి, పులిజూదము వచ్చినది. సంక్రాంతి దగ్గరపడగా, అమ్మలనడిగి ముగ్గు చుక్కలు పెట్టుకొని రమ్మన్నది. సందు చుక్క ముగ్గులు వచ్చినవి: మూడు చుక్కలు, రెండు వరకు, అయిదు చుక్కలు, మూడు వరకు, ఏడు చుక్కలు, నాలుగు వరకు. చుక్కలు లెక్కించినారు. మొదటిది 7, రెండవది 19, మూడవది 37. ఒంటిచుక్కను ముందు చేర్చి కూడుకొంటూ పోయినారు. ఒకటి, ఏడు కలిపితే 8. పంతొమ్మిది కలిపితే 27. ముప్పది ఏడు కలిపితే 64. రెండు రెళ్ల రెళ్లు ఎనిమిది, మూడు మూళ్ల మూళ్లు ఇరువది ఏడు, నాలుగు నాళ్ల నాళ్లు అరువది నాలుగు! వాకిట తెల్లవారుజామున వంగి పెట్టిన ముగ్గులు ఒకదానిమీద ఒకటి పేరిస్తే ఘనములవుతున్నవి. ‘నాకు చదువు రాదు’ అనే తల్లులు ఏండ్ల తరబడి ఆ సంఖ్యలను చుక్క తప్పకుండ నేల మీద నిలుపుతున్నారు.

అరువది నాలుగు అనే సంఖ్య వినగానే నాకు చదరంగపు పలక జ్ఞాపకము వచ్చినది. దానితోపాటు మన పావులూరి మల్లన. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున ‘గణితసార సంగ్రహము’ రచించినాడు. దానిని మల్లన ‘సార సంగ్రహ గణితము’గా తెనిగించినాడు. మల్లన నన్నయకు సమకాలికుడా, కొంత తరువాతివాడా అనే వాదము సాహిత్యచరిత్రలో ఉన్నది; తెలుగులో శాస్త్రగ్రంథములకు మార్గము తీసినవారిలో ఆయన ముందువాడనుటలో వాదము లేదు. మహావీరుడు అంకెలతో ఆడుకొన్నవాడు. 152207ను 73 చేత గుణిస్తే ఎనిమిది ఒకట్లు వరుసగా వస్తవి. ఇట్టి ఫలములను ఆయన కంఠాభరణములని పిలిచినాడు.

చదరంగపు మొదటి గడిలో ఒకటి, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టింపు చేసికొంటూ పోతే అరువది నాలుగు గళ్లకును మొత్తమెంత? మల్లనకు చెందిన ఒక పద్యము దీనికి జవాబు. అంకెలకు బదులు బాణములు, చంద్రుడు, వేదములు, గిరులు, ఆకాశము అనే మాటలు వాడి, ఇరువది అంకెల సంఖ్యను ఛందస్సులో ఇమిడ్చినాడు. బాణములు అయిదు, చంద్రుడొకడు, వేదములు నాలుగు, ఆకాశము సున్న. అంకెలను కుడి నుండి ఎడమకు పేర్చవలెను. పద్యము బాణముతో మొదలై చంద్రునితో ముగుస్తుంది గనుక సంఖ్య ఒకటితో మొదలై అయిదుతో ముగుస్తుంది: 18446744073709551615.

ఆ పద్యమును ఎన్నో ఏండ్లుగా కళాశాలలో చెబుతున్నాను. భూతసంఖ్యలను విడదీసి అంకెలు వ్రాయించినాను. విద్యార్థులు ఔరా అన్నారు, నేను గర్వపడినాను. కాని ఆ సంఖ్య ఎట్లు వచ్చినదని ఒక్కనాడైన నేను అడుగలేదు, వారును అడుగలేదు. ఏడవ ఎక్కము నడుమ ఆగిన పిల్లవానిని మొద్దన్న లోకము, ఎక్కము మొత్తము అప్పజెప్పి అర్థము తెలియని నన్ను పండితుడన్నది.

ఆ శనివారము పిల్లలకు మల్లన కథ చెప్పి, ఎనిమిదెనిమిదుల పలక గీయించినాను. లెక్క వారు చేసినారు. ఒకటి. ఒకటి, రెండు కలిపి మూడు. నాలుగు చేరిస్తే ఏడు. ఎనిమిది చేరిస్తే పదిహేను. పదహారు చేరిస్తే ముప్పది ఒకటి. మన బాలుడే ముందు పట్టినాడు: “సార్, ఎప్పుడు చూసినా ముందటి డబ్బకు ఒక్కటే తక్కువ!” ఎందుకని అడిగినాను. వాడు కొంతసేపు ఆలోచించి అన్నాడు: “మొదటి డబ్బల ఇంకొక్క గింజ అప్పు తెచ్చి పెడితే రెండైతయి. ఆ రెండు, పక్క రెండు కలిస్తే నాలుగు. ఆ నాలుగు, పక్క నాలుగు కలిస్తే ఎనిమిది. గట్లనే పోతది. ఆఖరికి అప్పు తిరిగి ఇయ్యాలె గద, అందుకే ఒకటి తక్కువ.” అప్పు, జీతము, కోత అనే మాటల నడుమ పెరిగిన పిల్లవాడు గనుక ఆ ఉపమానము వానికి సహజముగా తట్టినది. మల్లన పద్యమునకు అంత సుందరమైన వ్యాఖ్యానము నేను ఏ పండితుని నోటను వినలేదు.

ఆ లెక్కన అరువది నాలుగు గళ్ల మొత్తము, అరువది అయిదవ గడిలో ఉండవలసినదానికి ఒకటి తక్కువ. నేనీ మాట అని, సుద్దముక్క క్రింద పెట్టి, పాఠము ముగిసినదనుకొన్నాను. పిల్లలు లేస్తున్నారు. వాడు మాత్రము పలక కొసన కూర్చుండి ఉన్నాడు.

“సార్, అరవై అయిదో డబ్బ లేదు గదా. లేని డబ్బల నుంచి ఒకటి ఎట్ల తీసేస్తం?”

ఏమి చెప్పను? లేనిదానిని ఉన్నట్లు భావించి, దానితో ఉన్నదానిని కొలుచుట మన కవులు చేసే పనియే. గణితజ్ఞులును అదే చేస్తారని వాని ప్రశ్న విన్న తరువాతనే నాకు తెలిసినది. సుద్దముక్క తీసి వాని చేతిలో పెట్టినాను. వాడు పలక అంచు దాటి, చివరి గడి ప్రక్కన, వసారా నేల మీద మరొక గడి గీసినాడు.